రెండో సెల్లారు

మార్చి 2

పాలసీ వచ్చింది. ఏజెంటు కాగితాలు బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడి చెమట తుడుచుకున్నాడు. "ఇంతకంటే ఏనుక్కి ఇన్సూరెన్సు చేయించడం తేలిక సార్" అన్నాడు.

ఏయే కంపెనీలు కాదన్నాయో వేళ్ళ మీద చెప్పాడు. కారు పాతదని కాదు, బాగాలేదని కాదు. మరీ బాగుందని. ఈ మోడల్ కార్లే ఎక్కువగా పోతున్నాయట. దొంగలకి నచ్చిన కారు కంపెనీలకి నచ్చదు. ఖరీదైన బండి భద్రంగా ఉంటుందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఈ వయసులో కొత్తగా తెలిసిన సంగతి.

షరతులు పెట్టారు. తాళాలు రెండూ ఎవరెవరి దగ్గర ఉన్నాయో చెప్పాలి. నెల లోపల ట్రాకర్ పెట్టించాలి. కారు ఎక్కడుందో ఫోనుకి చెప్పే చిన్న పెట్టె అది. కొనుక్కొచ్చాను. బిగించేవాడు ఊళ్ళో లేడు, వచ్చే వారం వస్తాడు.

ఇన్సూరెన్సు లేకపోతే హోటలు వాళ్ళు కారు బాడుగకి తీసుకోరు. వాళ్ళు తీసుకోకపోతే దాని వాయిదాలు కట్టలేను. కళ్ళు మసకబారి సీట్లు కుట్టే పని మానేశాక నాకూ మా ఆవిడకీ ఉన్న ఆధారం ఈ బండే. అందుకని ఇవాళ మంచి రోజు అని రాసుకుంటున్నాను.

ఖర్చులు వెనక పేజీలో.

మార్చి 6

కారు పోయింది.

మార్చి 7

నిన్న అంతకంటే రాయలేకపోయాను.

గేటు ముందు పెట్టిన కారు తెల్లారేసరికి లేదు. గాజు పెంకు లేదు, విరిగిన ఇనుప ముక్క లేదు. నేల మీద నూనె మరక ఉంది, అది పాతదే. నా తాళం గుమ్మం పక్కన మేకుకే వేలాడుతోంది. చేత్తో ముట్టుకుని చూశాను. తాళం ఉంది, కారు లేదు. భయం కంటే ముందు ఆశ్చర్యం వేసింది. ఇదెలా సాధ్యం?

రెండో తాళం పైలట్ దగ్గర. పైలట్ అంటే మా డ్రైవరు. తెల్ల చొక్కా భుజాలకి పట్టీలు కుట్టించుకుని, హోటలు అతిథులు ఎక్కగానే "బయట వాతావరణం బాగుంది, బెల్టులు పెట్టుకోండి" అంటాడు. అసలు పేరు వాళ్ళావిడ కూడా మర్చిపోయిందని మా ఆవిడ ఎగతాళి. నన్ను బాబాయ్ అంటాడు, మా ఆవిణ్ణి పిన్నీ అంటాడు. చుట్టరికం ఏమీ లేదు.

వాడే నన్ను స్టేషన్‌కి తీసుకెళ్ళాడు. ఫిర్యాదులు రాసుకునే రైటరు అడిగాడు.

"తాళాలు రెండూ ఉన్నాయి, కారు మాత్రం లేదు. అంతేగా?"

"అంతే."

"ఇన్సూరెన్సు ఎప్పుడు చేయించారు?"

చెప్పాను. రైటరు పెన్ను ఆపి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. తర్వాత నా పక్కన నిలబడ్డ పైలట్‌ని చూశాడు. "ఈయనెవరు?" అన్నాడు.

మార్చి 9

ఉండబట్టక తాళాలు చేసే అతని దగ్గరికి వెళ్ళాను. నా తాళం చేతిలోకి తీసుకుని, చిన్నపిల్లాడి తల నిమిరినట్టు నిమిరాడు.

"ఇది నోరు మూసుకోదండీ. మేకుకి వేలాడుతూ కూడా 'ఇక్కడున్నా, ఇక్కడున్నా' అంటూ ఉంటుంది. ఒకడు మీ తలుపు దగ్గర ఒక పెట్టె పట్టుకుని నిలబడి ఆ మాట పట్టుకుంటాడు. ఇంకొకడు కారు దగ్గర నిలబడి అదే మాట దానికి వినిపిస్తాడు. పాపం కారు, యజమాని వచ్చాడనుకుని తలుపు తీసేస్తుంది."

"చప్పుడు?"

"ఎందుకవుతుంది? దాని దృష్టిలో మీరే ఎక్కారు."

రేకు డబ్బాలో పెట్టి మూత బిగిస్తే ఆ మాట బయటికి రాదట. అతని బండి దగ్గరే, దాని తాళంతో చేసి చూపించాడు. తాళం డబ్బాలో ఉంటే బండి పలకలేదు, మూత తీయగానే పలికింది. నాలుగుసార్లు చేయించాను. విసుక్కోలేదు.

దొంగిలించిన కారుని ఏం చేస్తారని అడిగాను.

"వెంటనే తీసుకుపోరు. పెద్ద ఆసుపత్రో, షాపింగు కాంప్లెక్సో, నలుగురూ బళ్ళు పెట్టుకునే చోట నంబరు ప్లేటు మార్చి వదిలేస్తారు. ట్రాకర్ ఉంటే ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారు కదా. కొన్నాళ్ళు దూరం నుంచి చూసి, ఎవరూ రాకపోతే అప్పుడు పట్టుకుపోతారు. చల్లారబెట్టడం అంటాం."

"అంటాం ఏమిటయ్యా, అంటారు అను" అన్నాను.

గట్టిగా నవ్వాడు. నేనూ నవ్వాను. కారు పోయాక ఇదే మొదటిసారి.

ఇంటికొచ్చి తాళాన్ని టీపొడి డబ్బాలో పెట్టాను. "లేని కారుకి తాళం ఎందుకు దాచడం? టీకి కొత్త రుచి రావడానికా?" అంది మా ఆవిడ.

మార్చి 11

క్లెయిములు విచారించే ఇన్సూరెన్సు కంపెనీ సర్వేయరు వచ్చింది. నలభై ఏళ్ళావిడ, తక్కువ మాట్లాడుతుంది. బిగించని ట్రాకర్ డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద పెట్టింది. తాళాలు రెండూ తీసుకుని కవర్లో వేసి సీలు వేసింది.

"రెండో తాళం ఆ పూట ఎక్కడుంది?" అని పైలట్‌ని అడిగింది.

"నా తలగడ కిందండీ. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి. కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ మెడకి గుచ్చుకుంటోందని రోజూ గొడవే."

ఆవిడ నవ్వలేదు. 'తలగడ' అని రాసుకున్నట్టుంది.

హోటలు వాళ్ళు సొంత కార్లు కొంటున్నారు. వాటికి పర్మనెంటు డ్రైవరుగా మొదట అనుకున్నది పైలట్‌నే. ఇప్పుడు స్టేషన్ గొడవ తేలేదాకా ఆగమన్నారట. "తేలిపోతుందిలే బాబాయ్, రెండు రోజులు" అన్నాడు.

ఆవిడతో వచ్చిన ఏజెంటుని గేటు దాకా సాగనంపుతూ అడిగాను. నెలాఖరు లోపల కారు దొరక్కపోతే క్లెయిమ్ ఫైలు ముందుకి కదులుతుందట. బాకీ తీరి, చేతిలో కాస్త మిగులుతుంది.

"దొరికితే?"

"దొరికితే మీ కారు మీకొస్తుంది. కానీ ఒకసారి పోయి దొరికిన కారు, అందులోనూ ఈ మోడలు... మళ్ళీ ఇన్సూరెన్సు మాట నన్నడక్కండి సార్, మీకు దణ్ణం పెడతా."

అంటే కారు దొరికితే కారూ ఉంటుంది, బాకీ ఉంటుంది, బాడుగ ఉండదు.

ఊరికే రాసి పెట్టుకున్నాను.

మార్చి 14

మా ఆవిడ మోకాలికి ఆసుపత్రిలో వ్యాయామం చేయిస్తున్నారు. ఆవిణ్ణి లోపల దిగబెట్టి పైకి వెళ్దామని లిఫ్టు ఎక్కాను. అది కిందికి పోతోంది. పోనీలే, కింద ఏముందో చూద్దామనుకున్నాను.

రెండో సెల్లారు. కొత్తగా తవ్వారు. గోడలు నున్నగా గీకే పని ఇంకా జరుగుతోంది. దీపాలు సగం వెలుగుతున్నాయి, కెమెరాలకి వైర్లు లాగలేదు. స్తంభాల మధ్య బళ్ళన్నీ తెల్లగా దుమ్ము పట్టి ఉన్నాయి.

చివరి స్తంభం పక్కన మా కారు.

నంబరు మాది కాదు. ముందు నాకూ నమ్మకం కుదరలేదు. అద్దానికి చేతులు అడ్డం పెట్టుకుని లోపలికి చూశాను. వెనక సీటు మధ్యలో చేయి ఆనించుకునే దిండు. దాని కుట్టు విడిపోతే నేనే వంపు సూదితో వేశాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, పాత సీట్లు విప్పి చూసి నేర్చుకున్నాను. అందుకే నా కుట్టు ఎడమ నుంచి కుడికి పోతుంది. మిగతా వాళ్ళందరిదీ కుడి నుంచి ఎడమకి.

తాళాలు చేసే అతను చెప్పినట్టే ఉంది. అచ్చం చెప్పినట్టే.

స్టేషన్‌లో చెప్పాలి. ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. రేపు చెబుతాను.

మార్చి 15

చెప్పలేదు. ఆలోచిస్తే తొందరపడకూడదనిపించింది. పోలీసులు జీపులేసుకుని వస్తే దొంగలు దూరం నుంచే చూసి తప్పుకుంటారు. ఎవరు వస్తారో ముందు నేను చూస్తే, అప్పుడు చెప్పడానికి ఒక మనిషి ఉంటాడు.

వెళ్ళి స్తంభం చాటున సిమెంటు బస్తాల మీద కూర్చున్నాను. ఒక నర్సు వచ్చింది, స్కూటరు తీసుకుంది. మందుల కంపెనీ మనిషి ఒకడు ఫోనులో ఎవరినో బతిమాలుకుంటూ తిరిగాడు. మా కారు దగ్గరికి ఎవరూ రాలేదు.

మార్చి 16

వెళ్ళాను. ఉంది.

మార్చి 17

ఇవాళ గోడ గీకేవాళ్ళు మా కారు పక్కకే వచ్చారు. దాని మీద బొగ్గుల పొయ్యి బూడిద చల్లినట్టుంది. దీపాల మీద, అద్దాల మీద, అంచుల్లో. ఆ దుమ్ములో ఇసుక ఉంటుంది. అద్దం మీద అలాగే ఉంచితే గీతలు పడతాయి.

నా దగ్గర రుమాలు ఉంది. ముందు దీపం ఒక్కటి తుడిచాను. ఒకటి తుడిచి ఒకటి వదిలేస్తే మరీ అన్యాయంగా కనిపించింది. ముందు అద్దం, పక్క అద్దాలు, మూలలు. రోజూ పొద్దున్నే చేసే పనేగా.

ఎవరూ రాలేదు. ఇంత ఖరీదైన బండి అలా వదిలేసి ఎలా నిద్రపోతున్నారో వాళ్ళు.

మార్చి 18

పైలట్ వచ్చాడు. భుజాల పట్టీలు లేవు.

"మళ్ళీ పిలిచారు బాబాయ్. పొద్దున్నుంచీ బల్ల మీద కూర్చోబెట్టారు. కొట్టలేదులే. అదే ప్రశ్న మార్చి మార్చి అడుగుతారు. తాళం ఎవరికిచ్చావు, ఎంతకిచ్చావు అని. చివరికి నాకే అనుమానం వచ్చింది, నిద్దట్లో ఎవరికైనా ఇచ్చానేమోనని."

మా ఆవిడ అన్నం పెట్టింది. సగం తిని వదిలేశాడు.

"మీరొచ్చి ఒక్క మాట చెప్పండి బాబాయ్. మీ మాటైతే వింటారు."

"చెబుతాను."

"రేపు వస్తారా?"

"వస్తానురా."

మార్చి 19

స్టేషన్‌కనే బయల్దేరాను. దారిలో ఆసుపత్రి ఉంది.

అద్దాలు తుడిచాను. బయటికొచ్చేసరికి స్టేషన్ అధికారి భోజనానికి వెళ్ళే వేళయింది. ఇప్పుడు వెళ్ళినా లాభం లేదని ఇంటికొచ్చేశాను.

నెలాఖరు ఇంకెంతో దూరం లేదు.

మార్చి 20

"ఈ మధ్య నా మోకాలి మీద నాకంటే మీకే శ్రద్ధ ఎక్కువైంది" అంది మా ఆవిడ. ఆవిడ వ్యాయామం రోజు విడిచి రోజు. నేను రోజూ వెళ్తున్నానని మందుల కౌంటరు అమ్మాయి చెప్పిందట.

"కింద సెల్లారులో తిరుగుతున్నారట కూడా. బస్సులో వచ్చినవాళ్ళకి సెల్లారులో ఏం పనండీ?"

"చల్లగా ఉంటుంది."

"ఇంట్లో ఫ్యాను ఉంది."

ఇంకేమీ అడగలేదు. ఆవిడ అడగకపోవడం అడగడం కంటే ఎక్కువ.

మార్చి 21

వెళ్ళాను. తుడిచాను.

మార్చి 22

వెళ్ళాను. రావాల్సినవాళ్ళు ఎందుకు రావడం లేదో అర్థం కావడం లేదు. ట్రాకర్ లేదు, పోలీసులు రాలేదు. చల్లారి ఎన్నాళ్ళయిందో. నాకు కోపం కూడా వస్తోంది. ఎవరి మీద అని అడిగితే చెప్పలేను.

మార్చి 24

కారు దొరికింది. నేను చెప్పి కాదు. రోజుల తరబడి కదలని బండి ఒకటుందని ఆసుపత్రి పార్కింగు గుమాస్తా ఫిర్యాదు చేశాడు. నంబరు వెతికితే అది ఎవరి ఇంట్లోనో భద్రంగా ఉన్న ఇంకో కారుదట.

గుర్తుపట్టడానికి రమ్మన్నారు. నేను, పైలట్, సర్వేయరు, రైటరు, పోలీసు అధికారి. లిఫ్టులో అందరం ఒకరి మొహం ఒకరు చూడకుండా దిగాం. నేను ముందు నడవబోయి ఆగాను. దారి నాకు తెలియకూడదు కదా.

"మాదే" అన్నాను.

పైలట్ మొహం వెలిగిపోయింది. "చూశారా సార్, దొరికింది. ఇక నన్ను వదిలేయొచ్చు" అని అధికారితో అన్నాడు.

సర్వేయరు పక్క కారు బానెట్ మీద వేలుతో ఒక గీత గీసి, వేలు చూసుకుంది. తెల్లగా ఉంది. మా కారు అద్దం మీద ఇంకో గీత గీసి చూసుకుంది. వేలికి ఏమీ అంటలేదు.

"దొంగ దొంగిలించిన కారు తుడుచుకుంటాడా?" అంది.

వేలు ఎత్తి రైటరుకి చూపించింది.

"ఇది ముక్కూ మొహం తెలియని వాళ్ళ పని కాదు. ఈ బండిని రోజూ చూసుకునే అలవాటున్నవాళ్ళెవరో వచ్చి చూసుకుంటున్నారు."

అందరూ పైలట్ వైపు తిరిగారు.

వాడు గాభరాగా అద్దం దగ్గరికి వెళ్ళాడు. "నేను కాదండీ. నేనైతే తడిగుడ్డతో తుడుస్తాను, చారలు మిగులుతాయి, బాబాయ్ రోజూ తిడతారు కూడా. ఇలా పొడిగుడ్డతో మూలల్లోకి పోనిచ్చి, అంచు దగ్గర గుండ్రంగా తిప్పి..."

అక్కడ ఆగిపోయాడు. అద్దం వైపే కాసేపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

ఆ మాట పూర్తి చేయలేదు. చేస్తే సరిపోయేది. చేయలేదు.

"చెప్పు బాబూ, ఆగావేం?" అన్నాడు అధికారి.

"ఏం లేదండీ."

జీపెక్కించుకుని తీసుకెళ్ళారు. నేను ఏమీ అనలేదు. సర్వేయరు నాకు బస్టాపు దాకా తోడొచ్చింది. నేను ఏమీ అనలేదు.

మార్చి 25

పొద్దున్నే లేచి మా ఆవిడకి మొత్తం చెప్పాను. విని, "చొక్కా మార్చుకుని వెళ్ళండి" అంది. ఇస్త్రీ చొక్కా తెచ్చిచ్చింది.

రైటరుకి చెప్పాను. అతను నమ్మలేదు. అధికారిని పిలిచాడు. ఆయనకీ చెప్పాను.

"కారు అక్కడుందని మీకు తెలుసు."

"తెలుసు."

"చెప్పకుండా రోజూ వెళ్ళి తుడిచారు."

"తుడిచాను."

"ఎందుకు?"

"దుమ్ము పడింది."

అధికారి రైటరు వైపు చూశాడు. రైటరు పెన్ను ఎత్తి, "దుమ్ము అని రాయమంటారా సార్?" అన్నాడు. ఆయన నవ్వబోయి ఆపుకున్నాడు.

"అది కాదు నేనడిగేది. ఎందుకు చెప్పలేదు?"

దొంగల్ని పట్టిద్దామని అనబోయాను. నోటి దాకా వచ్చింది. ఇన్నాళ్ళూ ఇక్కడ రాసుకున్నది అదే కదా. బయటికి అనాలని చూస్తే అది మాటలా లేదు.

"దొరకకపోతే బావుండునని" అన్నాను.

రైటరు ఆ మాట రాసుకున్నాడు.

సర్వేయరు మధ్యాహ్నం వచ్చింది. క్లెయిమ్ లేదు, పాలసీ రద్దు. నా పేరు కంపెనీలన్నీ చూసుకునే జాబితాలోకి పోతుంది. "ఇకమీదట మీ పేరు మీద సైకిలుక్కూడా రాదు" అంది. కోపంగా చెప్పలేదు, టైము చెప్పినట్టు చెప్పింది. నా మీద కేసు పెట్టాలా వద్దా అన్నది పైవాళ్ళు చూస్తారట.

పైలట్‌ని వదిలేశారు. ఇద్దరం బస్టాపులో బల్ల మీద కూర్చున్నాం. వాడే అడిగాడు.

"ఇంతకీ ఎవరైనా వచ్చారా బాబాయ్?"

"రాలేదురా. అదే నాకు అర్థం కావడం లేదు."

"ఎలా వస్తారు? బళ్ళన్నీ బూడిద పూసుకుని ఉంటే ఇదొక్కటే రోజూ తళతళలాడుతుంటే! వాళ్ళు చూసే ఉంటారు. 'వీడెవడ్రా బాబూ, పట్టుకోడు, పోడు, వచ్చి తుడిచిపోతున్నాడు' అని జడుసుకుని ఉంటారు."

వాడు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఇంత చిన్న సంగతి నాకు తట్టనే లేదు. వాళ్ళు రావాలని కాచుకుని కూర్చున్నవాణ్ణి, వాళ్ళని రానివ్వకుండా చేసింది నేనే. కడుపు పట్టుకుని నవ్వుకున్నాం. పక్కన కూర్చున్న ముసలాయన లేచి అవతలికి పోయాడు.

నవ్వు ఆగాక వాడన్నాడు. "నన్ను స్టేషన్‌లో కూర్చోబెట్టిన రోజుల్లో కూడా వెళ్ళారా?"

"వెళ్ళాను."

"నేను మీ ఇంట్లో అన్నం తిని, రమ్మని అడిగాను చూడండి. ఆ మర్నాడు?"

"వెళ్ళాను."

"తుడిచారా?"

"తుడిచాను."

బస్సొచ్చింది. వాడు ఎక్కేశాడు. అది వాడి ఇంటివైపు పోయే బస్సు కాదు.

మార్చి 27

కారు స్టేషన్ ఆవరణలో ఉంది. విడిపించుకున్నాక విడిభాగాలకి కొంటానని ఒకడు వచ్చాడు. వాడు చెప్పిన ధరకి బాకీలో సగం తీరుతుంది. సీట్లు కుట్టే షాపు గది మళ్ళీ తెరవాలి. మందం కళ్ళద్దాలు పెట్టుకుంటే పెద్ద కుట్లు కనిపిస్తున్నాయి. చూడాలి.

మార్చి 30

పైలట్ వచ్చాడు. హోటల్లో తీసుకుంటున్నారట. పాత యజమాని దగ్గర్నుంచి, మనిషి నమ్మకస్తుడని ఒక ఉత్తరం తెమ్మన్నారట. గుమ్మం లోపలికి వచ్చాడు కానీ కుర్చీలో కూర్చోలేదు.

అప్పటికప్పుడు కూర్చుని రాశాను. ఎన్నాళ్ళుగా నా దగ్గర చేశాడో, ఒక్కనాడూ బండికి గీత పడనివ్వలేదని, హోటలు అతిథులు వాణ్ణే అడిగేవారని, ఏ పనైనా నమ్మి అప్పజెప్పవచ్చని. రాస్తుంటే ఇంకా రాయాలనిపించింది. కింద సంతకం చేయబోయాను.

"ఒక్క నిమిషం సార్" అన్నాడు.

ఆగాను.

ఉత్తరం నా చేతిలోంచి మెల్లగా తీసుకుని చదివాడు. చదివి తల ఊపాడు. "బాగా రాశారు సార్. అన్నీ ఉన్నాయి. కానీ హోటలు వాళ్ళు ఎవరు సంతకం చేశారో కూడా చూస్తారు కదా. ఈ గొడవంతా వాళ్ళకి తెలుసు."

పెన్ను బల్ల మీద పెట్టాను.

వాడు వంటింటి వైపు తిరిగాడు. "పిన్నీ, వ్యాపారం మీ ఇద్దరి పేరునా ఉంది కదా. సంతకం మీరు పెడతారా?"

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. నన్ను చూసింది, వాణ్ణి చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుని కాగితం దగ్గరికి జరుపుకుంది. ఎక్కడ పెట్టాలో కనిపించడం లేదంది.

లోపలికి వెళ్ళి ఆవిడ కళ్ళజోడు తెచ్చిచ్చాను.